సబ్బాతునాడు తెగిన కట్ట

హెప్జిబా టర్నెల్‌ను ప్రార్థనశాల నడిమధ్య ముక్కాలిపీట మీద నిలబెట్టారు. తల మీది గుడ్డ తీసేయించారు. ముందు బెంచీల మీద భూములున్నవాళ్ళు, వెనక బెంచీల మీద రాళ్ళ చెలకలు గీక్కుని బతికేవాళ్ళు, గోడకు ఆనుకుని కూలీలూ కొనుక్కొచ్చిన పనివాళ్ళూ ఆమెను చూస్తున్నారు. వెల్బీ ఊళ్ళో దేవుడి ముందు కూడా ఎవరి చోటు వాళ్ళదే. ఆ చోట్లు నిర్ణయించేది మందిరం పెద్ద, డీకన్ ఎలీఫలెట్ క్రేన్. పిండిమిల్లు ఆయనది, దూలాలు కోసే కోతమిల్లు ఆయనది, ఆ రెంటినీ తిప్పే నీటికి అడ్డంగా ఉన్న కట్ట ఆయనది.

"ఈ వసంతంలో ఏట్లోకి చేప రాలేదు," అన్నాడు పాస్టరు హోల్‌బ్రుక్. "ఏటేటా సముద్రం నుంచి మన కోసం దేవుడు తోలుకొచ్చే చేపలు ఎందుకు ఆగిపోయాయి? మనలో పాపం ఉంది కనక. పని ముట్టకూడని సబ్బాతునాడు, ఇంకా పొద్దుండగానే, ఈమె పని చేసింది. చూసినవాళ్ళున్నారా?"

"నేను చూశానండీ," పక్కింటి బెథియా లాంగ్ లేచి నిలబడింది. "బురదలో దిగబడ్డ ఆవును తాడేసి లాగుతోంది."

లాగకపోతే ఆవు చచ్చిపోయేదని హెప్జిబా చెప్పాలనుకుంది. కానీ ఆమెకు భయం వేసింది. ఊరికి చేప అంటే కూర మాత్రమే కాదు. ఈ నేలలో ప్రతి కుదురులోనూ చేప పాతితేనే మొక్కజొన్న కంకి వేస్తుంది. చేప లేదంటే పంట లేదు. పంట లేని ఇంట్లో పిల్లల్ని ఉండనివ్వరు. తిండి పెట్టలేని తల్లుల దగ్గర్నించి పిల్లల్ని తీసుకెళ్ళి భక్తిగల ఇళ్ళల్లో పనికి పెట్టడం వెల్బీ ఊరి ధర్మం. భక్తిగల ఇల్లంటే డీకన్ ఇల్లు. హెప్జిబా కూతురు డార్కస్‌ను డీకన్ భార్య అప్పటికే ఎగాదిగా చూసి, "చేతులు గట్టిగానే ఉన్నాయే," అని పోయింది.

"పాపం చేశాను," అంది హెప్జిబా. "నా వల్లే చేపలు రాలేదు. క్షమించండి."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగా అంది. ఈ కథలో అన్నిటికంటే కడుపు మండే సంగతి అదే.

ఆ తర్వాత ఊరందరికీ ఉపవాస ప్రార్థన ప్రకటించారు. సగం తిండితో చలికాలం ఈడ్చుకొచ్చిన జనాన్ని ఆ సగమూ మానెయ్యమన్నారు. జనం మానేశారు. మోకాళ్ళ మీద పడి ఒకరి పాపాలు ఒకరు తవ్వుకున్నారు. ఎవడో నవ్వాడని, ఎవతో రిబ్బను కట్టిందని, ఎవడో ప్రసంగంలో కునికాడని. ఆ చలికాలమే డీకన్ కట్టను మనిషెత్తున పెంచాడు. అందరికీ తెలుసు. పెంచిన దూలాలు వీళ్ళ బళ్ళ మీదే వెళ్ళాయి. అయినా ఒక్కరికీ ఆ కట్టకూ చేపకూ ముడిపెట్టాలని తోచలేదు. తప్పు తమలోనే వెతుక్కోవాలని ఉగ్గుపాలతో నేర్పిన జనానికి బయట చూసే అలవాటు ఎక్కడిది?

ఉపవాసం అయిపోయింది. చేప రాలేదు.

ఇంట్లో చిక్కుళ్ళు అడుగంటాక హెప్జిబా పెళ్ళినాటి కంబళి చంకన పెట్టుకుని, ఏటి దిగువన, ఈ నేల మీద తమకంటే ముందునుంచీ ఉన్న నిప్మక్‌ల గుడిసెలకు బయల్దేరింది. వాళ్ళ దగ్గర గింజలకు మార్చుకుందామని. ఊరివైపు ఒడ్డున డీకన్ కంచె వేయించి కుక్కల్ని కట్టేశాడు కనక అవతలి ఒడ్డు పట్టుకుని నడిచింది. కట్ట దగ్గరికి రాకముందే ముక్కు పగిలేలా కంపు కొట్టింది.

కట్ట కింద మడుగులో నీళ్ళు కనపడటం లేదు. అంతా చేపలే. వెండిరంగు వీపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎగిరి, కొత్త పలకలకు తల కొట్టుకుని వెనక్కి పడుతున్నాయి. చచ్చినవి రాళ్ళ మీద మేట వేశాయి. అవతల డీకన్ పనివాళ్ళు మోకాటి లోతున నిలబడి, బుట్టలతో తోడి, ఉప్పు చల్లి పీపాల్లో కుక్కుతున్నారు.

హెప్జిబా ఒక రాయి మీద కూలబడింది.

"ఏమే పిల్లా, మీ దేవుడు చేపల్ని ఆపేశాడంటగా?"

వెనక వెనూచా నిలబడి ఉంది. వెల్బీలో ఇల్లిల్లూ తిరిగి బుట్టలమ్మే నిప్మక్ ముసలమ్మ. ఆమె మోచెయ్యి చీరుకుపోయి ఉంది. డీకన్ కుక్క పని.

"అదుగో, చూసుకో మీ దేవుణ్ణి. కొత్త పలకలు కూడా కొట్టించుకున్నాడు."

"మాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఎందుకు చెప్పాలే? ఇక్కడ మా తాతల నాటి చేపల దడి ఉండేది. మేం సగం పట్టి సగం పైకి వదిలేవాళ్ళం. దాన్ని పీకిందెవరు? మీ డీకన్ చెయ్యి తడి చేసుకున్నాడా? లేదు. మీవాళ్ళకి ఒక పీపా సారా పోయించాడు, మీవాళ్ళు పీకారు. నీ మొగుడూ ఉన్నాడు అందులో. నవ్వుకుంటా పీకాడు." వెనూచా ఉమ్మేసింది. "ఇప్పుడు మీ వంతు. మీరు పస్తుంటే నాకేం నొప్పి?"

హెప్జిబా కంబళి అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తింది.

కమ్మరి టోబియాస్ రడ్ కొట్టంలో ఆ సాయంత్రం వెనక బెంచీలన్నీ చేరాయి. హెప్జిబా చెప్పింది మొదట ఎవరూ నమ్మలేదు. అప్పుడు డంకన్ మెక్‌ఫీ నోరు విప్పాడు. యుద్ధంలో పట్టుబడి, ఓడెక్కించి అమ్మేస్తే డీకన్ కోతమిల్లులో తేలిన స్కాట్లండు మనిషి అతను.

"నిజమే. పలకలు కొట్టింది మేమే. చేపల్ని తోడుతోందీ మేమే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం రా?" రడ్ సుత్తి పుచ్చుకుని లేచాడు.

"మీరెప్పుడైనా అడిగారా బాబాయ్? మందిరంలో నా పక్కన నిలబడ్డానికే మీకు కంపు. నోరిప్పితే కొరడా దెబ్బలు నాకు, మీకు కాదు. ఇంకోటి కూడా వినండి. ఆ పీపాలు చక్కెర దీవులకి పోతాయి. అక్కడ చెరుకు నరికే నల్లవాళ్ళకి పెడతారు. బాగున్న చేప ఎవడూ వాళ్ళకి పెట్టడు, కుళ్ళింది చాలంటారు. మన పొలానికి లేకుండా చేసి, వాళ్ళకి కుళ్ళబెట్టి పెట్టి, మధ్యలో డీకన్ బలుస్తున్నాడు."

కొట్టం కుతకుతలాడింది. ఒకడు కోర్టుకు పోదామన్నాడు.

"కోర్టులో కూర్చునేది ఎవడనుకున్నావ్? డీకన్ బావమరిది."

"పాస్టరుగారికి చెబుదాం."

"ఆయన పొయ్యిలో కట్టెలెవరివో చూసి మాట్లాడు."

"కట్ట తెగ్గొట్టాలి," అంది హెప్జిబా.

ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. బెథియా లాంగ్ మూల నుంచి ముక్కు చీదింది. "నేను నీ మీద సాక్ష్యం చెప్పానే హెప్సీ..."

"చెప్పావు వదినా. ఆ కోపం నాకు పోలేదు. ఇప్పుడు ఏడవకు, గొడ్డలి ఉంటే పట్రా."

ఎప్పుడు తెగ్గొట్టాలన్నదే అసలు గొడవ. పనిరోజుల్లో మిల్లు నిండా మనుషులు, తుపాకులు. డీకన్ మిల్లు ఖాళీగా ఉండేది సబ్బాతునాడే. ఆ రోజు ఊళ్ళో ప్రతి ప్రాణీ మందిరంలో ఉండి తీరాలని చట్టం తెచ్చినవాడే డీకన్. డీకన్ తుపాకీకి వాళ్ళు అంత భయపడలేదు. సబ్బాతుకు భయపడ్డారు.

"నరకానికి పోతామమ్మా," అన్నాడు ముసలి నేతగాడు పెలెగ్ వోస్. "ఆకలికి చస్తే ఒక్కసారే చస్తాం. అక్కడ కాలుతూనే ఉండాలి."

"తాతా, తప్పనిసరి పనీ, దయగల పనీ సబ్బాతునాడైనా చెయ్యొచ్చని పాస్టరుగారి నోటే కదా విన్నాం? నేను ఆవును లాగితే అది పాపమైంది. డీకన్ ఆ రోజు కట్ట తలుపులు తీసి దానికి సెలవిచ్చాడా? సబ్బాతునాడు కూడా ఆ పలకలు చేపల్ని చంపుతూనే ఉన్నాయి. వాడి కట్ట ఏడు రోజులూ పని చెయ్యొచ్చు, మనం ఒక్క రోజు చెయ్యకూడదా? నా పిల్ల వాడింటి పొయ్యి ఊదుతూ పెరగడానికి నేను ఒప్పుకోను. అందుకు నరకమే గతి అయితే నేను ముందు పోతా. నువ్వు నా వెనకే రా, తోడుగా ఉంటావు."

ఎవరో నవ్వారు. ముసలాయనా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

సబ్బాతు పొద్దున మందిరానికి పిలిచే డప్పు మోగింది. వెనక బెంచీలవాళ్ళు ఉతికిన బట్టలు కట్టుకుని, కుటుంబాలతో సహా వీధిలోకొచ్చారు. వరసగా నడిచారు. మందిరం గుమ్మం దాకా వచ్చారు. ఆగలేదు. కీర్తన పాడుకుంటూ గుమ్మం ముందునుంచి సాగి, కిందికి, ఏటివైపు నడిచారు. లోపల ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. వాళ్ళ వెనకంతా ఖాళీ.

డీకన్ పరిగెత్తుకొచ్చేసరికి డంకన్, అతని తోటి పనివాళ్ళు కట్ట ఎక్కి ఉన్నారు. పాస్టరు రొప్పుతూ వెనకే వచ్చాడు.

"దిగండ్రా! సబ్బాతునాడు గొడ్డలి పట్టిన చెయ్యి..."

"పీపాలు పట్టిన చెయ్యి మాటేంటి పాస్టరుగారూ?" బెథియా అరిచింది. "నా చేత ఈవిడ మీద అబద్ధపు పాపం మోపించారు. చేపలు ఇక్కడ చస్తుంటే మమ్మల్ని ఉపవాసం ఉండమన్నారు!"

పాస్టరు మడుగులోకి చూశాడు. నిజంగా మొదటిసారి చూసినట్టే ఉంది. తర్వాత డీకన్ మొహం చూశాడు. నోరు మూసుకున్నాడు. అతనిలాంటివాళ్ళు అంతకంటే ఎక్కువ చెయ్యరు.

"ఈ కట్ట నా సొత్తు!" డీకన్ గొంతు చిట్లింది.

"ఏరు ఎవడి సొత్తు రా?" అన్నాడు రడ్. వెల్బీలో డీకన్‌ను ఎవరైనా 'రా' అనడం అదే మొదలు.

గొడ్డళ్ళు పడ్డాయి. కానీ పెద్ద దూలం కదల్లేదు. అవతలి ఒడ్డున వెనూచా, ఆమె మనుషులూ ముందు నుంచీ కూర్చుని తమాషా చూస్తున్నారు. చివరికి ముసలమ్మ లేచింది.

"మీ వల్ల కాదు గానీ, ముందు ఒక మాట చెప్పండి. మా దడి మేం మళ్ళీ కట్టుకుంటాం. ఈసారి ఎవడైనా సారా తాగి పీకడానికొస్తే?"

"మేం రాం," అన్నాడు రడ్, తల దించుకుని.

"అది చాలదు," అంది హెప్జిబా. "ఎవణ్ణీ రానివ్వం. పెద్దమ్మా, నా మొగుడు చేసింది తప్పే. చచ్చినవాడి తరపున నేను చెప్తున్నాను."

వెనూచా నమ్మినట్టు లేదు. అయినా చెయ్యి ఊపింది. అవతలి నుంచి పొడుగాటి వాసాలు పట్టుకుని మనుషులు నీళ్ళలో దిగారు. రెండువైపులా పట్టి ఒక్కసారి ఎగదోస్తే దూలం మూలిగింది, విరిగింది, కొట్టుకుపోయింది. వరద హోరున దూకింది. డీకన్ పీపాలు మూతలు ఊడి తిరగబడి పోయాయి.

నీరు కాస్త నెమ్మదించాక మొదటి చేప గండిలోంచి పైకి ఎగిరింది. దాని వెనక ఇంకోటి. తర్వాత లెక్కలేదు. జనం అరవలేదు. నీళ్ళలో నిలబడి, తమ కాళ్ళ మధ్యనుంచి పోతున్న చేపల్ని చూస్తూ ఏడ్చారు. ముసలి పెలెగ్ వోస్ బూట్లతోనే దిగిపోయాడు.

వారం తిరక్కుండా జిల్లా నుంచి కానిస్టేబులు, తుపాకులతో మనుషులూ వచ్చారు. కట్ట మళ్ళీ కట్టాలని, ఊరు వెట్టి చెయ్యాలని ఉత్తరువు. రడ్ కొలిమి ఆర్పేసి, వెల్బీలో ఇక మేకు పుట్టదన్నాడు. డంకన్‌నూ తోటివాళ్ళనూ కొరడాలతో కొట్టారు. అయినా రంపం ముట్టుకోలేదు వాళ్ళు.

హెప్జిబాను జిల్లా జైలుకు పోయే బండికి కట్టేసి, "మొదటి దెబ్బ ఎవరు కొట్టారో చెప్పు. నిన్ను ఇప్పుడే వదిలేస్తాం. పిల్ల దగ్గరికి పోవచ్చు," అన్నాడు కానిస్టేబులు.

ఆమె మనసు ఒక్క క్షణం పిల్ల మీదికి పోయింది.

"చెప్తాను రాసుకో. డీకన్ ఎలీఫలెట్ క్రేన్. ఆ కట్ట పలక మీద మొదటి మేకు కొట్టినప్పుడు. మిగతా దెబ్బలన్నీ తర్వాతివి."

బండి కదిలింది. ఊరి చివర ఆమె చెలక పక్కనుంచే దారి. తన చెలక బీడుగా ఉంటుందని, చూడలేనని కళ్ళు మూసుకుంది. మనుషుల మాటలు వినపడి తెరిచింది. వెనక బెంచీలన్నీ అక్కడే ఉన్నాయి. వంగి కుదుళ్ళు తవ్వుతున్నారు, చేపలు పెడుతున్నారు, గింజ వేసి మట్టి కప్పుతున్నారు. తుపాకులు చూసి కూడా ఎవరూ నడుం ఎత్తలేదు. బెథియా లాంగ్ ఒక్కతే లేచి, చేపల రక్తం అంటిన చేతులతో డార్కస్‌ను దగ్గరికి పట్టుకుని దారికి అడ్డంగా వచ్చింది.

"హెప్సీ! నీ పిల్ల నా ఇంట్లో ఉంటుంది. పొట్ట నింపేది మా అందరి పని. డీకన్ గడప తొక్కదు, తొక్కనివ్వం!"

"అడ్డు తప్పుకో," అన్నాడు కానిస్టేబులు. "కొత్త కట్టకి దూలాలు జిల్లా నుంచి అప్పుడే బయల్దేరాయి. మీ పొగరు ఎన్నాళ్ళుంటుందో చూస్తాం."

"రానీ," అంది బెథియా. చేతులు పావడాకు తుడుచుకుంది. "సబ్బాతు ప్రతి వారం వస్తుంది."