ఒంటిగంటకు తెగే గీత

ఒంటిగంట కాగానే ప్రసూన తెర ముందు నుంచి లేచి డాక్టర్ల క్యారేజీలు వేడి చేయాలి. తెనాలిలోని ఆ ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం అది కాదు. గుండె రోగుల మెడలో వేలాడే చిన్న పెట్టెలు వైర్లు లేకుండా పంపే గీతల్ని వార్డు చివర తెర మీద కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. "రెండు నిమిషాల పనేగా అమ్మా" అన్నారు పెద్ద డాక్టరు పాండురంగారావు. రేపల్లెలో ఇంటి దగ్గర భర్త వీరేంద్ర కూడా అదే మాటన్నాడు. అతని చొక్కా ఇస్త్రీ, అత్తగారి మాత్రలు, నీళ్లు పట్టడం, అన్నీ రెండేసి నిమిషాలే. తన రోజంతా ఎటు పోతోందో ప్రసూనకి అప్పుడు తెలిసింది.

వారంగా సరిగ్గా ఆ వేళకే నాలుగో మంచం గీత తెగిపోతోంది. అలారం మోగేది, నర్సులు పరుగెత్తేవాళ్లు, తీరా చూస్తే ఆ మంచం మీద నందివెలుగు చెంచమ్మ నిక్షేపంగా కూర్చుని ఉండేది. "నా గుండె కూడా భోజనానికి వెళ్తందేమోనే పిల్లా" అనేది. పాండురంగారావు మాత్రం నవ్వలేదు. సీటు వదిలినందుకు ప్రసూనని సంజాయిషీ రాసిమ్మన్నారు. ఇంకోసారైతే ఆ కుర్చీలో వేరేవాళ్లని కూర్చోబెడతానన్నారు.

ఆదివారం క్యారేజీలు రాలేదు. గీత కూడా తెగలేదు. క్యారేజీలు వేడిచేసే మైక్రోవేవ్ ఓవెను చెంచమ్మ మంచానికి గోడ అవతలే ఉంది. సోమవారం పొద్దున్నే ప్రసూన అందులో గ్లాసుడు నీళ్లు పెట్టి, మీట నొక్కి, గుమ్మంలోంచి తెర వంక చూసింది. గీత తెగింది. ఆపింది. గీత తిరిగి వచ్చింది. నాలుగుసార్లు చేసింది. నాలుగోసారికి నవ్వు ఆపుకోలేకపోయింది.

పాండురంగారావుని పిలిచి ఆయన ముందే చేసి చూపించింది.

"ఓవెన్ తిరిగినంతసేపూ ఆవిడ మెడలో పెట్టె సిగ్నల్‌కి అడ్డమొస్తోందండి. నేను సీటు వదిలిన మాట నిజమేనండి. ఎందుకు వదిలానో కూడా సంజాయిషీలో రాశాను."

ఆయన తనే వంగి ఓవెన్ ప్లగ్గు పీకేశారు.

"మంచి పని చేశావమ్మా. మరి ఇక మా అన్నాలు ఎవరు వేడిచేస్తారు?"

"అది మీరే చూసుకోవాలండి. నేను గీతలు చూసుకుంటాను."

చెంచమ్మ కొంగు అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. తెర మీద నాలుగో గీత చిందులేసింది. డాక్టరు కంగారుగా ఓవెన్ వంక చూశారు.

"అది ఆవిడ నవ్వండి" అంది ప్రసూన, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.