తల్లి సంతకానికి వేరే కార్డు

హాస్టల్ వార్డెన్ల పేర్లు రాసిన బోర్డు మీద మూడో పేరుకి ఒత్తు ఎప్పుడు రాలిపోయిందో, ఇన్నాళ్లూ చూడనే లేదు అనుకుంది వార్డెన్, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడలేక గోడకేసి చూస్తూ, తనకు ముందు ఆరుగురు, మొదటావిడ బెత్తం పట్టుకుని గేటు దగ్గరే కుర్చీ వేసుకునేదట, రెండో ఆవిడ పిల్లల ఉత్తరాలన్నీ విప్పి చదివేదట, మూడో ఆవిడ గదులకు గడియలు బయటివైపుకి మార్పించిందట, తన చేతిలో ఉన్నదల్లా ఒక కార్డు, దాని మీద, హాస్టలంతా పిచ్చుక అని పిలిచే పిల్ల తండ్రి సంతకం, అలాంటిదే మరొకటి చీటీ మీద ఉంటేనే పిల్ల గేటు దాటాలి, అమ్మా ఆయనకి చెయ్యే లేవట్లేదు, ఆస్పత్రి మంచం మీదున్న మనిషి సంతకం ఎలా పెడతాడు, పిల్లని తీసుకురమ్మని కళ్లతో అడుగుతున్నాడు, నేను దాని కన్నతల్లిని కానా అంటోంది బల్లకవతల పిచ్చుక తల్లి, కాదని ఎవరన్నారు, రూలు అలా ఉంది అంటోంది తను, పోయినేడు ఒకామె ఇలాగే నా కూతురని తీసుకెళ్తే సాయంత్రానికి తండ్రి వచ్చి గేటు పట్టుకుని ఊపాడు, ఊడింది మాత్రం ఆరో పేరావిడ ఉద్యోగం, ప్రిన్సిపాల్‌కి మూడుసార్లు ఫోన్ చేసింది, మీటింగులో ఉన్నారట, భుజాన సంచీతో నిలబడ్డ పిచ్చుక మెల్లగా, మేడమ్, నాన్న సంతకం నాకొచ్చు, పెట్టెయ్యనా అంది, వచ్చని తనకు తెలీదా, పోయిన నెల సినిమా కోసం పెడితే చెవి మెలేసింది తనే కదా, పిచ్చిమొహమా, అడక్కుండా పెట్టుకొచ్చుంటే చూడనట్టు ఊరుకునేదాన్నిగా, ఇప్పుడు నీ నోటితో విన్నాక నేనేం చెయ్యను,

అప్పుడు మోగింది తల్లి సంచీలో ఫోను, ఆమె విన్నది, ఫోను తిరిగి సంచీలో పెట్టి, ఆగలేదమ్మా ఆయన అంది, వార్డెన్ చెయ్యి దానంతటదే రెండో సొరుగు తీసింది, తండ్రి లేని పిల్లలకు తల్లి సంతకం చాలునని అచ్చువేసిన పసుపు కార్డు, ఇక్కడ పెట్టండమ్మా అంటున్న గొంతు తనదేనా, వంకరటింకరగా పడింది సంతకం, పోల్చి చూడాల్సిన పాతదేదీ లేదు, తాళం ఒక్క తిప్పుకే వచ్చింది, వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది, పొద్దున ఇదే గేటు దగ్గర, ఏడుపు ఆపుకుంటూనే, ఆ తల్లి పిల్ల చెంప మీది సిరామరకని బొటనవేలితో తుడవడం చూసింది, కార్డు ఇప్పుడు ఒప్పుకున్న సంగతి, ఈమె తల్లేనని, తనకు అప్పుడే తెలుసు.