దండ వేసిన చెప్పులు

మా నాయిన చచ్చిపోయాడన్న కబురు నాకు నా బస్సులోనే తెలిసింది.

నేను జనగామ డిపోలో కండక్టరును. ఆ రోజు తొర్రూరు పోయే పల్లెవెలుగులో డ్యూటీ. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేసినప్పటి నుంచి నా బస్సులో కాలు పెట్టే సందుండదు, మనుషుల మధ్య ఈదుకుంటూ పోవాలి. పాలకుర్తి దాటాక ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఫోన్ మీదికి వంగి "అయ్యో పాపం" అంటున్నారు. ఎవరి కొంప మునిగిందో చూద్దామని నేనూ తొంగిచూశాను. ఒకరి ఫోన్లోకి తొంగిచూడడం మా ఉద్యోగంలో సగం.

ఫోన్లో చెప్పులు కనబడ్డాయి. ఎరువుల గోదాం ముందు యూరియా కోసం వరసగా పెట్టిన చెప్పులు. యూరియా లారీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఎండలో మనిషి నిలబడలేక తన చెప్పులను నిలబెట్టి నీడకు పోతాడు. చెప్పు ఎక్కడుంటే మనిషి వంతు అక్కడ. ఈ ఏడాది మా వైపు ఏ ఊరికి పోయినా ఇదే వరస. ఆ ఫోటోలో మాత్రం ఒక జతకు బంతిపూల దండ వేసి, ముందు ఊదుబత్తులు ముట్టించి, కొబ్బరికాయ కొట్టి ఉంది. కింద రాత: "యూరియా లైన్లనే పాణమిడిసిన రైతు. చెప్పులు ఇంకా లైన్లనే ఉన్నయి."

ఎడమ చెప్పు వారు తెగితే ఆకుపచ్చ కరెంటు వైరుతో కట్టి ఉంది. ఆ వైరు కట్టింది నేనే. కొత్తవి కొనిస్తానంటే "ఇవి నాకంటె గట్టిగున్నయి తీయే" అని నవ్విన మనిషి మా నాయిన.

"గవి మా నాయిన చెప్పులు" అన్నాను. ఆ తర్వాత నేనేమన్నానో నాకు తెలియదు. డ్రైవరు బస్సు ఆపాడు. ఎవరో ముసలమ్మ నా తలను తన ఒళ్లో పెట్టుకుంది. ఎవరో నీళ్ల సీసా మూత తీశారు. నా ఊరు, పేరు తెలియని వాళ్లంతా నాతో కలిసి ఏడ్చారు. పెద్దవంగర దగ్గర మా ఊరి స్టేజీలో నన్ను దింపేటప్పుడు ఆ ముసలమ్మ కూడా దిగబోయింది, నన్ను ఇంటి దాకా పట్టుకుపోవడానికి. వద్దని బతిమాలితే ఆగింది.

ఇంటికి పోయేసరికి మా నాయిన లస్మయ్య మంచం మీద కూర్చుని కాల్చిన మక్కకంకి తింటున్నాడు.

"ఏందే రజనీ, గీయాల డ్యూటీ లేదా?" అన్నాడు.

నేను గడపలోనే కూలబడ్డాను. కొయ్యబారిపోయాను అంటారే, అదేమిటో నాకు అప్పుడు తెలిసింది. లోపలి నుంచి మా తమ్ముడు దేవేందర్ ఫోన్ చూసుకుంటూ, పండ్లన్నీ బయటపెట్టుకుని వచ్చాడు. వాణ్ని చూడగానే నా ఒంట్లోకి ప్రాణం వచ్చింది. చేతికందిన చీపురు తీసుకున్నాను.

"ఆగక్కా, జర ఆగు! కొట్టేముందు ఇను!"

దేవేందర్‌కు యూట్యూబులో ఒక చానల్ ఉంది, పేరు "ఉత్తముచ్చట", అంటే వట్టి కబుర్లు. మక్కకంకిని మైకులా పట్టుకుని, మెడలో తువ్వాల వేసుకుని, వార్తలు చదివినట్టు నాయకులనూ ఆఫీసర్లనూ ఎక్కిరిస్తాడు. నిజానికి బాగానే నవ్విస్తాడు, ఎంత తమ్ముడైనా ఆ మాట ఒప్పుకోవాలి. మొదట వాడు చేసింది చెప్పుల సంతాపసభ. "నిలవడి నిలవడి కన్నుమూసిన చెప్పులకు నివాళి" అని రెండు నిమిషాల వీడియో. ఊళ్లోవాళ్లు తప్ప ఎవరూ చూడలేదు. అప్పుడు అందులోంచి ఒక ఫోటో తీసి, చెప్పులు చచ్చాయన్నది కొట్టేసి రైతు చచ్చాడని రాసి వదిలాడు.

"కింద వ్యంగ్యం అని రాసిన, సూడు" అన్నాడు. చూశాను. చీమ తలకాయంత అక్షరాలు. చేతి పంపులో ఏనుగు పట్టినా పట్టొచ్చు గానీ, బస్సులో ఏడ్చే ఆడదాని కంటికి ఆ అక్షరాలు ఆనవు.

"నాయినా, నువ్వెట్ల ఒప్పుకున్నవే?"

నాయిన కంకి పక్కన పెట్టాడు. "కాకి తన్నితె ఏం జేస్తం బిడ్డా? సచ్చిపోయిండని సుట్టాలకు కబురు పంపుతం. వాళ్లు ఏడిస్తె దోషం పోతది. గిప్పుడు ఊరంతటికి కాకి తన్నింది. నాటేసిన వరి ఎర్రవడ్డది. నేను ఉత్తగ సచ్చినంత మాత్రాన ఏం పోయింది?"

తెల్లవారి లారీ వచ్చింది. ఒకటి కాదు, రెండు. ధర్నాకు రానిది, దండాలకు రానిది, మా నాయిన చావుకు వచ్చింది. దేవేందర్ ఎగిరి గంతేశాడు. లారీల వెనకాలే ఆటోలో మా మేనత్త ఈదమ్మ దిగింది. ఆమెది మహదేవపూర్ అవతల, గోదావరి ఒడ్డు. రెండు బస్సులు మారి, దారి పొడుగునా రొమ్ము కొట్టుకుంటూ వచ్చింది. మొహం వాచిపోయి ఉంది. ఆటో దిగుతూనే ఎదురుగా తన తమ్ముడు, మా నాయిన, నిలబడేసరికి లాగి చెంప మీద కొట్టింది. కొట్టి, అదే చేత్తో కావలించుకుంది.

నాయిన కాకి సంగతి చెప్పబోయాడు. అత్త పూర్తి కానివ్వలేదు.

"కాకి తన్నితె మనోళ్లకే పంపుతం రా, ఊరోళ్లకు గాదు. కన్నీళ్లు ఆరకముందే బతికున్నడని చెప్పుతం. ఏడిపిచ్చుడే గాదు, ఊకుంచుడు గూడ మన పనే. మీరు లోకాన్నంత ఏడిపిచ్చిన్రు. ఇంటింటికి వోయి ఎవరు ఊకుంచుతరు?"

"లారీ వచ్చింది గదత్తా," అన్నాడు దేవేందర్. "నిజం జెప్పినన్ని దినాలు ఎవడన్న ఇన్నడా? అబద్దం జెప్పంగనే ఇన్నరు. తప్పు నాదా, వాళ్లదా?"

ఆ మాటలో నిజం ఉండడమే నా ఒళ్లు మండించింది.

రెండో వీడియోలో నాయిన బతికొచ్చాడు. అవే చెప్పులు తొడుక్కుని, ఆ దండే మెడలో వేసుకుని, మక్కకంకి మైకులో "నేను సచ్చి రెండు లారీలు తెచ్చిన, ఇంకోపారి సావాల్నా?" అన్నాడు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఆఫీసర్ల పరువు పోయింది. నా బస్సెక్కిన వాళ్లు "లస్మయ్య బిడ్డవా?" అని నాతో ఫోటోలు దిగారు. నా కోపం కూడా మెల్లగా చల్లారింది. పొగడ్త ఎవరికి చేదు?

ఆ రెండు లారీల యూరియా లైను చివరున్న మా పక్క లంబాడి తండా వాళ్ల చెప్పుల దాకా రాకముందే అయిపోయింది. ఆ సంగతి ఏ వీడియోలోనూ లేదు.

వారం తిరగకముందే మళ్లీ లైను మొదలైంది. నాకు సెలవు. నాయినకు సద్ది పట్టుకుని గోదాం దగ్గరికి పోయాను. దూరం నుంచే నవ్వులు వినబడుతున్నాయి. గుంపు కట్టి, ఫోన్లు ఎత్తి, ఎవరినో చూస్తున్నారు. నాయిన గొంతు అందరికంటే పైన ఉంది.

"లే తమ్మీ, సాలు తియ్యి! నాకంటె మంచిగ జేస్తున్నవు!"

చెప్పుల వరస పక్కన తండా వెంకట్రాం వెల్లకిలా పడి ఉన్నాడు. నాయిన ఈడువాడు. ఇద్దరూ ఒకే బీడీ పంచుకునేవాళ్లు. ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది, ఇంకో చెయ్యి మట్టిని గీరుతోంది. "కెమెరా యాడ వెట్టిన్రు?" అని ఎవడో అడిగాడు. ఇంకెవడో రెండు గడ్డిపూలు తెంపి వెంకట్రాం చెప్పుల మీద వేశాడు. మళ్లీ నవ్వులు.

నేను గుంపును తోసుకుని పోయి మొహం చూశాను. బూడిద రంగు. పెదాలు నల్లబడ్డాయి. "నిజంగనే వడ్డడు! నాటకం కాదు!" అని అరిచాను. నవ్వు వెంటనే ఆగలేదు. అదే నేను మర్చిపోలేనిది. నా అరుపు కూడా నాటకంలో భాగమే అనుకున్నారు. లస్మయ్య బిడ్డను కదా.

నాయిన నా మొహం చూసి అప్పుడు వంగాడు. "తమ్మీ... వెంకట్రాం..." అని భుజం పట్టి కుదిపాడు. మట్టిని గీరే చెయ్యి అప్పటికి ఆగిపోయింది. ఆటోలో వేసుకుని తొర్రూరు దవాఖానకు పోయాం. డాక్టరు చెయ్యి పట్టి చూసి, జర ముందు తేకపోయారా అన్నాడు. ముందు మేము నవ్వుతున్నామని ఆయనకు ఎలా చెప్పేది?

ఆ వీడియో అదే సాయంత్రానికి అన్ని ఫోన్లలో ఉంది. వెంకట్రాం పడడం, జనం నవ్వడం, గడ్డిపూలు, నా అరుపు. "చెప్పుల నాటకం, రెండో భాగం" అని ఎవరో పేరు పెట్టారు. ఒక ఆఫీసరు, "మళ్లీ అదే ఊరు, అదే మోసం. లైనులో ఎవరూ చనిపోలేదు" అన్నాడని వార్త వచ్చింది. నా బస్సులో ఆడవాళ్లు ఆ వీడియో చూసి నవ్వారు. మొదటిసారి నాతో కలిసి ఏడ్చిన వాళ్లు కూడా అందులో ఉండే ఉంటారు. "గిది నిజమమ్మా" అన్నాను. ఒకామె నా చెయ్యి గిల్లి, "నువ్వు గూడ మస్తు చేసినవు, గట్టిగ అరిచినవు" అంది.

వెంకట్రాం భార్య రాధాబాయి మా ఇంటికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాం. తిడితే బాగుండేది. వాకిట్లో కూర్చుని కొంగు సర్దుకుని దేవేందర్‌ను పిలిచింది.

"నీ మాట అందరు ఇంటరు గద కొడుకా. మా ఆయన నాటకం ఆడలే. పుట్టి బుద్దెరిగినంక ఒక్క అబద్దమాడలే. సచ్చినోన్ని పట్టుకుని సావలేదంటున్నరు. ఆయన నిజంగనే సచ్చిండని నీ ఫోన్ల చెప్పు. నాకింకేమద్దు."

దేవేందర్ మొహంలో నెత్తురు లేదు. అన్ని మాటలు తెలిసిన వాడు "సరే అవ్వా" అని మాత్రం అన్నాడు.

తండాలో వెంకట్రాం గుడిసె ముందే లైవు పెట్టాం. ఫోన్ నేను పట్టుకున్నాను. దేవేందర్ చేతిలో మక్కకంకి లేదు, మెడలో తువ్వాల లేదు. పక్కన రాధాబాయి. వెనక మా నాయిన నేల మీద కూర్చున్నాడు, కాళ్లకు చెప్పుల్లేవు. వెంకట్రాం పోయినప్పటి నుంచి తొడగడం లేదు.

"గిది ఉత్తముచ్చట కాదు," అన్నాడు దేవేందర్. "మొన్న నేను జెప్పింది అబద్దం. గీయాల జెప్పేది నిజం. వెంకట్రాం కాక యూరియా లైన్లనే సచ్చిండు. మేం నాటకమనుకుని నవ్వినం. నావల్లనే నవ్వినం." మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు తప్ప వాడు ఏడవడం నేను చూడలేదు.

రాధాబాయి ఏడుపు అందుకుంది. తండా వాళ్ల ఏడుపు పాటలా ఉంటుంది, మొగుడి గుణాలన్నీ పేరు పేరునా చెబుతూ సాగుతుంది. నాకు వాళ్ల భాష రాదు. అయినా ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది.

ఫోన్ అద్దం మీద రాతలు పైకి పాకుతున్నాయి. వేల మంది చూస్తున్నారు. నేను చదివాను.

"సూపర్ యాక్టింగ్ అన్నా."

"ఈ ముసలామెను యాడ పట్టుకొచ్చినవు? ఇరగదీసింది."

"ఈసారి ఎన్ని లారీలు?"

వాటి నిండా నవ్వుకు గుర్తుగా పెట్టే ఆ పసుపుపచ్చ మొహాలు, వరసలు వరసలుగా. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చే మొహాలు.

దేవేందర్ నా మొహంలోకి చూశాడు. అక్కడేం కనబడిందో గానీ తల దించుకున్నాడు. ఇక వాడు ఎంత నిజం చెప్పినా, నెత్తి నేలకేసి కొట్టుకున్నా, ఎవరూ ఏడవరు. ఆపేద్దామని బటన్ కోసం వెతుకుతుంటే రాధాబాయి కొంగుతో మొహం తుడుచుకుని లేచి నా పక్కకు వచ్చింది. చదువు రాదు. కళ్లు చికిలించి అద్దంలోకి చూసింది.

"గీ పచ్చ మొకాలేంది బిడ్డా? అన్నిటికి కండ్లల్ల నీళ్లున్నయి."

బటన్ మీదికి పోయిన వేలు వెనక్కి తీసుకున్నాను.

"జనం గిట్ల జేస్తరా, ఫోన్ల? మా ఆయన కోసం ఏడుస్తున్నరా?" వేలితో ఒక్కో మొహాన్నీ తాకబోయింది. "గింత మందా!"

నాయిన తలెత్తి నా వంక చూశాడు. అబద్ధమాడినందుకు తమ్ముడి మీద చీపురెత్తిన ఆడదాన్ని నేను.

"అవునవ్వా," అన్నాను. "అందరు ఏడుస్తున్నరు."