కుట్టుపిన్ని నొప్పులు

ఆ వీధివాళ్ళకి జ్వరమొచ్చినా, పిల్లాడు చొక్కా గుండీ మింగినా, ఇంట్లో మాటామాటా పెరిగి తల తిరిగినా మొదట గుర్తొచ్చేది మలుపులోని ఫ్యామిలీ క్లినిక్కే. అక్కడ భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. ఎడమ గదిలో అతను, కుడి గదిలో ఆమె. హాల్లో టోకెన్లిచ్చే అమ్మాయి, లోపల ఇంజక్షన్ల గదిలో సిస్టరు. వెనకాల టీ తాగడానికి ఒక ఇరుకు గది. ఆ గదికీ ఇంజక్షన్ల గదికీ మధ్య చెక్క గోడ ఒకటి, అదీ పైకప్పుదాకా లేదు.

డాక్టరు మంచివాడే. రోగుల్ని కసురుకోడు, అక్కర్లేని పరీక్షలు రాయడు. అతనికున్న ఒకే ఒక్క జబ్బు ఏమిటంటే, ఎవరి గొంతైనా రెండుసార్లు వింటే అచ్చు గుద్దినట్టు దింపేస్తాడు. కాలేజీలో ప్రొఫెసర్లని దింపాడు, పెళ్ళిలో మామగారిని ఆయన ఎదురుగానే దింపాడు. క్లినిక్కు పెట్టాక మందుల కంపెనీల వాళ్ళూ, దగ్గుతూ దగ్గుతూనే సిగరెట్టు మానేశానని ఒట్టేసే పెద్దమనుషులూ అతని సరుకయ్యారు. మధ్యాహ్నం జనం పలచబడగానే సిస్టరూ టోకెన్లమ్మాయీ టీ గదిలో చేరి, "సార్, ఇవాళెవరు సార్?" అని అడిగేవారు. పొద్దున్నుంచీ పుండ్లూ దగ్గులూ చూసి అలిసిన ప్రాణాలు, కాసేపు నవ్వుకుంటే తప్పేంటని అతని వాదన. భార్య మాత్రం ఆ వేళకి తన గదిలోనే ఉండిపోయేది. "ఎప్పుడో నీ నోరే నిన్ను ముంచుతుంది," అని ఒకటి రెండుసార్లు అంది. అతను ఆ మాటని కూడా ఆమె గొంతుతోనే తిరిగి అప్పజెప్పాడు.

అందరిలోకీ ఎక్కువ నవ్వు పండేది కుట్టుపిన్ని దగ్గర. పక్క వీధిలో ఆమెకి బట్టలు కుట్టే కొట్టుంది. ఆ చుట్టుపక్కల బడి పిల్లల యూనిఫారాలన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే. రోజంతా మిషను మీద వంగి కూర్చుంటుంది కనుక మెడ, భుజం, నడుము ఏదో ఒకటి నొప్పి చేస్తూనే ఉండేది. ఎక్కడ నొప్పి అని అడిగితే వేలితో చూపించి ఊరుకునే మనిషి కాదు. "నాయనా, ఏం చెప్పమంటావు! ఈ భుజంలో ఎవరో కూర్చుని పాత గుడ్డ చింపుతున్నారనుకో. పరపరా చింపుతున్నారు. చింపి ఊరుకుంటారా? ఆ పీలికల్ని పట్టుకొచ్చి మెడలో కుక్కుతున్నారు," అని మొదలెట్టేది. మెడ దగ్గర మొదలైన కథ మడమలకు చేరేసరికి బయట జనం గొణుక్కునేవారు. డాక్టరు తలూపుతూనే చీటీ రాసేసేవాడు. ఆమె చెప్పడం అయ్యేలోపే మందు సిద్ధం.

ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి, చూపించుకుని, బలం ఇంజక్షనుకని లోపలికి వెళ్ళింది. సిస్టరు ఆమెని కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా పిన్నీ," అని టీ గదిలోకి వచ్చింది. వచ్చేసరికి డాక్టరు కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి, భుజం పట్టుకుని, కళ్ళు అరమూసి కూర్చున్నాడు.

"నాయనా, ఏం చెప్పమంటావు!"

ఆ ఒక్క ముక్కకే టోకెన్లమ్మాయి నోట్లో టీ బయటికొచ్చింది. అతనికి ఊపొచ్చింది. గుడ్డ చింపాడు, పీలికలు కుక్కాడు, నడుములోకి సూది దిగబడి ఇరుక్కుందన్నాడు, తీయబోతే దారం మోకాల్లో తేలిందన్నాడు. చివరికి, "ఇంతకీ నాయనా, ఈ నొప్పులన్నీ తగ్గిపోతే నేనెవరితో మాట్లాడుకోవాలి?" అన్నాడు. ఆ చివరి మాట పిన్నిది కాదు, అతని సొంత కల్పన. దానికే అందరికీ పొట్ట చెక్కలయింది. సిస్టరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయింది. ఆమె చూపు చెక్క గోడ మీద ఉంది.

"సార్... పిన్ని అక్కడే ఉంది."

సిస్టరు వెళ్ళింది. కాసేపటికి పిన్ని గొంతు వినపడింది, ఎప్పుడూ లేనంత చిన్నగా. "ఇంజక్షనిచ్చెయ్యమ్మా. కొట్టు తెరిచిపెట్టి వచ్చాను."

అప్పుడే డాక్టరు లేచి వెళ్ళుంటే కథ మరోలా ఉండేదేమో. అతను లేవలేదు. టీ గది తలుపు దగ్గరగా వేసుకుని, ఆమె చెప్పుల చప్పుడు హాలు దాటి మెట్లు దిగేదాకా తేలు కుట్టిన దొంగలా నక్కి కూర్చున్నాడు. ఆ తర్వాత, "అంత స్పష్టంగా వినపడి ఉండదులే," అన్నాడు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ భార్య, "గోడ సగమే ఉంది," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పిన్ని రాలేదు. మొదట్లో రేపో మాపో వస్తుంది, నవ్వుతూ ఏదో ఒకటి సర్దిచెబుదాం అనుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ ఆ నవ్వు మొహానికి ఎలా తెచ్చుకోవాలో తెలియకుండా పోయింది. ఇంటికి వెళ్ళే దారిలో ఆమె కొట్టు వస్తుంది. ఒక సాయంత్రం అటుగా పోతుంటే ఆమె తలెత్తి చూసింది. అతను చటుక్కున ఫోను చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా, "ఆఁ, ఆఁ, చెప్పండి," అంటూ దాటేశాడు. మర్నాటి నుంచి చుట్టూ తిరిగే దారి పట్టాడు. టీ గదిలో గొంతులు దింపడం ఆగిపోయింది. ఎవరూ అడగలేదు కూడా. సిస్టరు తన గదిలోనే టీ తాగడం మొదలుపెట్టింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున పిన్నిని ఆమె భర్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి విరమించిన మనిషి, అందరికీ డ్రైవరు బాబాయి. "మిషను దగ్గర కూలబడిపోయింది బాబూ. అడిగితే ఏం లేదంటుంది. నువ్వన్నా అడుగు," అని ఆమెని లోపల కూర్చోబెట్టి, బండి అడ్డంగా పెట్టొచ్చానని బయటికి పరుగెత్తాడు.

డాక్టరు కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు. మొహం ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. నాడి పరుగెడుతోంది.

"ఎలా ఉంది పిన్నీ?"

"బానే ఉందండీ."

నాయనా అనే మనిషి 'అండీ' అంటోంది.

"భుజం నొప్పి?"

"లేదండీ."

"కడుపులో మంటగానీ, నొప్పిగానీ?"

"లేదండీ."

"ఏమన్నా మాత్రలు వాడుతున్నారా?"

"లేదండీ."

"విరేచనం మామూలుగానే అవుతోందా?"

"బానే ఉందండీ."

ఆమె చేతులు ఒళ్ళో సంచి మీద కదలకుండా ఉన్నాయి. మామూలుగా మాట కంటే ముందు ఆ చేతులే నొప్పుల్ని చూపించేవి.

"ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది పిన్నీ. ఎక్కడో పోతోంది. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి."

"ఆసుపత్రులెందుకండీ? బలానికి ఏదన్నా రాయండి, వెళ్తాను." అని కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయింది. కాళ్ళు నిలవలేదు. మళ్ళీ కూర్చుంది.

భార్యని పిలుద్దామా అనుకున్నాడు. గంట మీదకి చెయ్యి వెళ్ళింది కూడా. తను చేసిన చెత్త ఆమె చేత ఎత్తించడమేనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పిన్నీ, ఆ రోజు మీరు అవతల గదిలో ఉన్నారు."

ఆమె చూపు ఒళ్ళో సంచి మీదే ఉంది.

"నేనన్నదంతా విన్నారు."

"వినపడింది డాక్టరుగారూ. చెవులు బానే ఉన్నాయి నాకు."

"చాలా తప్పు చేశాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు."

"మరి ఇప్పుడెందుకు అడుగుతున్నారు? నేను ఆసుపత్రికి పోనన్నాననే కదా?"

కాదని చెప్పడానికి నోరు తెరిచి, "అది కూడా ఉంది," అన్నాడు.

ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "పోనీ, నిజం చెప్పారు. అయితే ఒకసారి నా ముందు చెయ్యండి."

"ఏంటి పిన్నీ?"

"అదే, నాలాగా. గోడకి అవతల కదా, నాకు సగమే వినపడింది. మధ్యలో వాళ్ళ నవ్వులు. అంతగా నవ్వడానికి నా దగ్గర ఏముందో నేనూ చూడాలి కదా."

ఎగతాళిగా అనలేదు. జాకెట్టు కొలత అడిగినట్టు అడిగింది. తప్పించుకునే దారి కోసం అతను టేబులంతా వెతికాడు. గంట, స్టెతస్కోపు, టార్చి, మందుల కంపెనీ క్యాలెండరు తప్ప ఏమీ లేవు. చెయ్యి దానంతట అదే భుజం మీదకి వెళ్ళింది. "నాయనా, ఏం..." అన్నాడు. గొంతు అచ్చం ఆమెదే వచ్చింది. అలా వచ్చినందుకే అతనికి తల కొట్టేసినట్టయింది. ఆమె నొప్పులన్నీ అతనికి కంఠతా వచ్చు. ఒక్కదాని మీదా సరిగ్గా చెయ్యి వేసి చూసింది లేదు.

చెయ్యి కిందికి దిగింది. కళ్ళ నీళ్ళు ఆమెకి కనపడకూడదని టార్చి సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాడు.

"చాల్లెండి," అంది ఆమె. "నాకు మాటలు అలాగే వస్తాయి. రోజంతా మిషను మీద వంగి కూర్చుంటాను. వచ్చినవాళ్ళు కొలతలు చెబుతారు, పోతారు. ఇక్కడికొస్తే ఒక మనిషి ఎలా ఉందని అడుగుతాడు. అందుకని కాస్త ఎక్కువే చెప్పేదాన్ని. కాదనను. కానీ నొప్పులు తగ్గితే మాట్లాడటానికి దిక్కులేదని మాత్రం నేనెప్పుడూ అనలేదు," అంది.

"అనలేదు పిన్నీ. అది నేను కల్పించింది."

"అదే మనసుకి పట్టుకుంది."

ఆ తర్వాత చెప్పింది, ముక్కలు ముక్కలుగా, ఏ పోలికా లేకుండా. క్లినిక్కుకి రావడం మానేశాక మందుల షాపువాడే నొప్పి మాత్రలిచ్చాడు. తగ్గకపోతే రెండేసి వేసుకుంది. పొద్దున ఖాళీ కడుపుతోనే. కొన్నాళ్ళుగా కడుపులో మంట. విరేచనం నల్లగా. ఇంట్లో చెప్పలేదు. "చెబితే ఇక్కడికే తీసుకొస్తారు కదా," అంది.

డాక్టరు భార్యని పిలిచాడు. ఆమె పిన్ని చేతికి సెలైను ఎక్కిస్తుంటే అతను పెద్దాసుపత్రికి ఫోను చేసి, అంబులెన్సులో తనే వెంట వెళ్ళాడు. కడుపులో పుండు పడి రక్తం కారుతోందని గొట్టం వేసి చూసి చెప్పారు. రక్తం ఎక్కించారు, పుండు దగ్గర కారుతున్నది ఆపారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని అక్కడి డాక్టరు డ్రైవరు బాబాయితో అన్నాడు.

పిన్ని కోలుకుంది. కొట్టు తెరిచింది. చూపించుకోవడానికి క్లినిక్కుకే వచ్చింది కానీ కుడి గదికి వెళ్ళింది. గోడ అవతల నుంచి ఆమె గొంతు మెల్లగా మొదలై, కొంచెం కొంచెంగా పెద్దదవడం అతనికి వినపడేది. మధ్యలో భార్య, "ఆఁ, తర్వాత?" అని అడగడమూ వినపడేది. హాల్లో ఎదురుపడితే పిన్ని, "నమస్కారం డాక్టరుగారూ," అనేది. అందులో కోపం వెతికినా దొరికేది కాదు.

ఒకనాడు పొద్దున్నే డ్రైవరు బాబాయి తన రక్తపోటు చూపించుకోవడానికి వచ్చాడు. హాలు నిండా జనం. ఆయన గుమ్మంలోనే ఆగి అందరివైపూ తిరిగి, "మీకు తెలీదు, ఈ బాబు లేకపోతే ఇవాళ మా ఇంట్లో దీపం లేదు. మొహం చూసి రోగం పట్టేశాడు. అంబులెన్సులో తన చేత్తో పట్టుకుని తీసుకెళ్ళాడు. సొంత కొడుకు చేస్తాడా?" అన్నాడు. జనం మెచ్చుకోలుగా తలలూపారు. టోకెన్లమ్మాయి టేబులు కిందికి వంగి ఏదో వెతుక్కుంది. సిస్టరు చేతిలో దూది పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గదిలోకి వచ్చాక కూడా బాబాయి ఆగలేదు. చొక్కా చెయ్యి మడుస్తూ పొగుడుతూనే ఉన్నాడు. ఒక్కొక్క మాటా పుండు మీద కారం చల్లినట్టుంది. ఇక తట్టుకోలేక డాక్టరు చెప్పేశాడు. టీ గది, గోడ, నవ్వులు, కల్పించిన ఆ చివరి మాట, అన్నీ.

బాబాయి వింటూ ఉన్నాడు. చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టే ఉంది. చివరికి దాన్ని తనే విప్పుకున్నాడు. మడిచిన చొక్కా చెయ్యి దింపి, గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు.

"ఇంట్లో నాతో ఒక్క మాట అనలేదు," అన్నాడు. "మందుల షాపుకి ఎందుకెళ్ళావని నేనే తిట్టాను బాబూ. ఆసుపత్రి మంచం మీద ఉండగానే తిట్టాను."

లేచి తలుపుదాకా వెళ్ళి, మళ్ళీ తిరిగాడు. "నా మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రా?"

"పొద్దున బాబాయ్."

"సరే."

సాయంత్రం క్లినిక్కు మూసేటప్పుడు, బాబాయికి అంతా చెప్పేశానని భార్యకి చెప్పాడు. చెప్పేశాక మనసు తేలికపడుతుందనుకున్నాడు. ఆమె తాళం చెవులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆవిడ ఆయన దగ్గర దాచుకుంది కదా. అంత రక్తం పోతున్నా నోరు విప్పలేదు. అది ఆవిడ పరువు. నువ్వెందుకు విప్పావు?"

"ఆయన అలా పొగుడుతుంటే భరించలేకపోయాను."

"అంటే, నీకు బరువు తగ్గడానికి."

నిజానికి చెబుతున్నంతసేపూ పిన్ని అతనికి గుర్తే రాలేదు. ఈపాటికి ఆ ఇంట్లో బాబాయి అడిగి ఉంటాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచీ ఆ గోడ, ఆ నవ్వులు, ఆ మాట తన నోటితో చెప్పుకోవాల్సి వచ్చి ఉంటుంది. వెళ్ళి ఏదన్నా అందామా అంటే, ఏం అనాలన్నా అది తన కోసమే అవుతుందని తోచింది. తలుపు లాగి నిలబడ్డాడు. భార్య తాళం వేసింది.

తర్వాతి నెల డ్రైవరు బాబాయి మందుల కోసం మళ్ళీ వచ్చాడు. టోకెన్లమ్మాయి అలవాటుగా ఎడమ గది టోకెను ఇవ్వబోయింది. ఆయన దాన్ని పుచ్చుకోకుండా, "డాక్టరమ్మగారికి ఇవ్వమ్మా, నేనాగుతాను," అని కుడి గది ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ గది ఆ వేళకి ఖాళీగానే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల డాక్టరు, ఎవరూ లేని ఎదుటి కుర్చీని చూస్తూ, బాబాయి వంతు వచ్చేదాకా బయటికి రాలేకపోయాడు.