మూత తీయని డ్రమ్ములు

ఆడిటరమ్మ కొరకరాని కొయ్య అని అందరికీ తెలుసు. రంగుల ఫ్యాక్టరీకి వెళితే, గోదాములో తనకు తోచిన డ్రమ్ముల మీద సుద్దతో గీత పెట్టి, మూతలు తీయించి, కర్ర ముంచి మరీ చూసేది. అకౌంట్స్ మేనేజరు ముఖం మాడ్చుకునేవాడు. ఆ రోజుల్లో ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

తర్వాత ఆమె భర్తకు జబ్బు చేసింది. సొంతవాళ్లు ఫోన్లతో సరిపెట్టారు. మేనేజరు మాత్రం రోజుల తరబడి ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాడు, మందులకు పరిగెత్తాడు. భర్త పోయాక ఆమెను చేయి పట్టుకుని ఇంటికి చేర్చినవాడూ అతనే. అప్పటి నుంచి అతను అన్నయ్య అయ్యాడు.

ఆ ఏడాది గోదాములో సుద్దముక్క చేతికి తీసుకుని, అతని ముఖం చూసి, మళ్లీ సంచిలో వేసుకుంది. అన్నయ్య ఎదుట మూతలు తీయించడమంటే నువ్వు దొంగవి అన్నట్టు కాదూ? డ్రమ్ములు పైపైన లెక్కపెట్టి సంతకం చేసింది. తర్వాత ప్రతి ఏడూ అంతే. అభిమానమండీ అంటే సరిపోతుందా? సంతకం సంతకమే.

ఈ ఏడు, ఆ సరుకు మీద అప్పిచ్చిన బ్యాంకువాళ్లు మూతలు తీయించారు. పై వరస తప్ప అన్నిట్లోనూ నీళ్లే. యజమానీ, మేనేజరూ జైలుకెళ్లారు, ఫ్యాక్టరీకి తాళం పడింది, పనివాళ్లు వీధిన పడ్డారు, ఆమె లైసెన్సు పోయింది. అవన్నీ ఒక ఎత్తు. ఆమె గుండెను కోస్తున్నది మాత్రం ఒక్కటే. బెంచీ మీద కూర్చున్నది అన్నయ్యా, మేనేజరా?

అది అడగడానికే, బెయిలు మీద వచ్చిన అతని ఇంటికి వెళ్లింది. వదిన తలుపు తీసి, పలకరించకుండానే లోపలికి వెళ్లిపోయింది. అతను చిక్కి సగమయ్యాడు.

"నిజం చెప్పన్నయ్యా. ఆస్పత్రికి వచ్చింది నా కోసమా, గోదాము కోసమా?"

"నీ కోసమేనమ్మా. అప్పటికి డ్రమ్ముల్లో రంగే ఉంది. నీళ్లు పోయించింది ఆ తర్వాతే."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అదీ కాసేపే.

"నేను వద్దన్నాను, యజమాని వినలేదు. ఆమె నీ చెల్లెలేగా, మూత తీయదులే అన్నాడు. తీస్తావనే అనుకున్నాను. నీ చేతిలో పట్టుబడితే బావుండునని ఏటా నీ పక్కనే నడిచేవాణ్ణి. నువ్వేమో పిల్లలెలా ఉన్నారని అడిగి వెళ్లిపోయేదానివి."

ఆమెకు ఏడుపు ఆగలేదు. "నువ్వు నొచ్చుకుంటావని తీయలేదన్నయ్యా."

"తెలుసమ్మా," అన్నాడతను. "యజమానికీ తెలుసు."