మాణిక్యం ఉయ్యాల

రోట్లో పొత్రం రెండు చుట్లు తిరిగేసరికి గురమ్మ చెవి గోడవతలికి పోయింది. హోటల్లో లారీవాళ్లు దిగినట్టున్నారు, గ్రామఫోను చూసుకునే ఈరన్న దానికి కీ ఇస్తున్నాడు. వాళ్లకు పొద్దున్నే ఐదో పాటల ప్లేటు కావాలి. అడవిలో కథానాయిక మాణిక్యం ప్రాణం విడిచే పద్యాలు. చావు పాట వింటూ దోసెలు తినడమేమిటో ఆ దేవుడికే ఎరుక!

ఎర్రగుంట్ల స్టేషను ఎదుటి ఆ హోటలు పెరట్లో గురమ్మ ఎనిమిదేళ్లుగా పిండి రుబ్బుతోంది. నడుము వంగింది, అరచేతులు కాయలు కాశాయి. లోపలికి మాత్రం ఏనాడూ పోలేదు. ఆ ఐదు ప్లేట్లదీ ఒకే కథ అని తెలుసు గానీ, గిరాకీలు అడిగిన వరసలోనే విన్నది. మాణిక్యం పొద్దున చచ్చిపోతుంది, మధ్యాహ్నం పెళ్లి చేసుకుంటుంది. దీపాలవేళ హోటలు షావుకారు శుభమని మొదటి ప్లేటు పెట్టిస్తే, ఉయ్యాల్లో పడుకుని లాలిపాట వింటుంది. గురమ్మకు కథంటే అదే. మూడేళ్ల కూతురు అమ్మవారు పోసి పోయాక, ఆమె ఇంటికి నెమ్మదిగా నడిచిపోగలుగుతున్నది ఆ లాలిపాట విన్నాకనే.

ఆరోజు గిరాకీ లేని వేళ ఈరన్న పెరటి గుమ్మంలోకి వచ్చాడు.

"గురమ్మక్కా, రేపట్నుంచి ఈడ రేడియో పాడతాది. ఈ పెట్టెను, ప్లేట్లను ఊరూరా తిరిగే డేరా సినిమావాళ్లు కొన్న్యారు. వాటితో నేనూ పోతాండా. కత నువ్వు ఒక్కసారైనా వరసగా ఇన్ల్యా. ఇప్పుడు ఏస్తా, ఇను."

ఎంత ముచ్చటపడి వేశాడో! ఉయ్యాల, ఆటలు, పెళ్లి, ఎడబాటు. గురమ్మ పొత్రం ఆపేసి విన్నది. ఐదో ప్లేటు అయిపోయింది. ఆ తరువాత ఏమీ రాలేదు.

"ఇంతేనా? సచ్చిపోతే మళ్లా రాదా?"

"కత అంతే గదక్కా."

"నాకీ వరస వద్దు నాయనా. బిడ్డ మళ్లా ఉయ్యాల్లోకి రావల్ల." కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఎనిమిదేళ్లు ఆ ప్లేట్లను తుడిచి, వరస తప్పకుండా సర్దిన మనిషి ఈరన్న. మంచి చేయబోయి ఎంత పని చేశానని నొచ్చుకున్నాడు. లోపలికి పోయి మొదటి ప్లేటు మళ్లీ పెట్టాడు. లాలిపాట సగంలో గురమ్మ చెయ్యి పొత్రం మీదికి వచ్చింది.

సాయంత్రం రైలు కూత వినబడింది. పిండి గంగాళం లోపలికి అందించి ఆమె వీధి వైపు వచ్చేసరికి, ఈరన్న పెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషను మెట్లెక్కుతున్నాడు.

"పోయొస్తావా ఈరన్నా!"

"పోయొస్తానక్కా! వాళ్లకు నాలుగు ప్లేట్లే శానా ఎక్కువలే. అడిగితే ఒకటి పగిలిపాయ అని చెప్తా!"

గురమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. రైలు కదిలాక చేతులు కడుక్కుందామని పెరట్లోకి పోయింది. రోలు పక్కన మినప్పప్పు చాటలో, మడత పెట్టిన ఈరన్న తువ్వాలు మీద, లాలిపాట వైపు పైకి పెట్టిన మొదటి ప్లేటు.