అడిగి తెచ్చిన బెంచీ

బిషప్పుగారి ఏలుబడిలో ఉన్న చర్చిలన్నిటి చరిత్రా రాసే పని కోడలికి అప్పగించారు. ఏడాదిగా కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది మహాతల్లి. కొండమీది చర్చికీ, సముద్రపొడ్డు చర్చికీ దేని కథ దానికుంది. ఏ కథా లేనిదల్లా బస్సు డిపో వెనకున్న రేకుల చర్చి ఒక్కటే. అదే అత్తగారి చర్చి. ఇంకేముంది, ఇంట్లో రోజూ రభసే!

"మా చర్చి లేని పుస్తకం నా గడప తొక్కడానికి వీల్లేదు," అంది అత్తగారు కాఫీ కప్పు ఠపీమని పెట్టి.

"రాయడానికేముంది అత్తయ్యా? పునాదిరాయి కూడా లేదాయె."

"ఇన్నేళ్ళుగా నేనున్నాను కదే!"

కోడలు నవ్వేసిందిగానీ ఆ మాట కొట్టిపారెయ్యలేకపోయింది. అత్తగారంటే ఆమెకి ప్రాణం. అలాగని లేని చరిత్రని ఎక్కణ్ణుంచి పుట్టిస్తుంది పాపం?

ఆ ఆదివారం అత్తగారి పక్కనే కూర్చుంది. పాస్టరుగారి ప్రసంగం సాగుతూనే ఉంది, ఎంతకీ తెమలదు. ఊసుపోక బెంచీ అంచు తడుముతుంటే చెక్కిన ద్రాక్షగుత్తి వేళ్ళకి తగిలింది. ఇదెక్కడో చూసిందే! కొండమీది చర్చివాళ్ళ పాత ఫొటోలో ఉన్న బెంచీ ఇది. అన్నీ చెదలు తినేశాయని వాళ్ళు తెగ వాపోయారు. తలెత్తి చూస్తే బాప్తిస్మపు తొట్టి మీద చేప బొమ్మ. తుఫానుకి అన్నీ పోగా మిగిలిన సముద్రపొడ్డు చర్చి గుమ్మం మీదా అచ్చం ఇదే చేప!

"అమ్మో!" అని పైకే అనేసింది. అత్తగారు తొడమీద గట్టిగా గిల్లింది.

బయటికొచ్చాక అడిగింది. "అత్తయ్యా, ఆ బెంచీ, ఆ తొట్టీ ఎక్కడివి?"

అత్తగారి ముఖం పాలిపోయింది.

"పట్టేశావూ? అన్నీ అడిగి తెచ్చినవేనమ్మా. విరిగాయనీ, పగిలాయనీ వాళ్ళు పారేస్తుంటే నేనూ మీ మామయ్యా లారీలో వేసుకొచ్చాం. చూసినవాళ్ళంతా నవ్వారు. దారంతా మీ మామయ్య తలెత్తితే ఒట్టు. పోయిన మనిషి పరువు వీధిన పెట్టకే. మా చర్చి సంగతి వదిలెయ్."

చూశారా చిక్కు! ఏడాదిపాటు రాయమని ప్రాణం తీసిన మనిషి ఇప్పుడు వద్దంటోంది.

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వాళ్ళు ఉంచుకున్నవన్నీ పోయాయి అత్తయ్యా. మీరు తెచ్చినవే మిగిలాయి. ఈ చర్చిలన్నిటి పాతకాలం మీ రేకుల కిందే ఉంది. నన్ను రాయనివ్వండి."

అత్తగారు ఆ చెయ్యి విడిపించుకోకుండానే ఇంటిదాకా నడిచింది.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు కోడలే చదివి వినిపించింది. కొండమీది చర్చి అధ్యాయం చివర, ఆనాటి బెంచీ చూడాలంటే బస్సు డిపో వెనక చర్చికి వెళ్ళమని ఉంది. సముద్రపొడ్డు చర్చి దగ్గరా అదే మాట. ఆఖరి అధ్యాయమంతా లారీ కథే.

"ఆ లారీ ముక్క మళ్ళీ చదవ్వే," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన వినాల్సింది."

ఆ తర్వాతి ఆదివారం అత్తగారు పుస్తకాన్ని చర్చికి పట్టుకెళ్ళి, బెంచీ మీద తన పక్కన పెట్టుకుంది. కోడలు దాన్ని జరిపి కూర్చోబోయింది.

"నువ్వు వెనక కూర్చో అమ్మా," అంది అత్తగారు మెల్లగా. "ఇక్కడ మీ మామయ్యున్నారు."